నెల్లూరి రోమక నాణెములు

భూమిలో నిక్షేపము దొరికెనను వార్త పుట్టగానే మన పల్లెలలో జను లడుగు మొదటి ప్రశ్న ‘ఎన్ని తులములు?’ అని. ఎచ్చట, ఎంత లోతున, దేనితో గలసి దొరికినదని యడుగువారు మిక్కిలి యరుదు. ఇందువలన మన పూర్వచరిత్ర యెంత కంసాలి మూసలో కరగిపోయినదో తెలిసికొనుటకు నెల్లూరిసీమలో జరిగిన యొక వృత్తాంతము చాలును.

క్రీ.శ. 1786 ప్రాంతమున నెల్లూరికి సమీపమున నొక రైతు రాతిగుట్ట ప్రక్కను దున్నుచుండగా నాగలి యిటుకకట్టడమునకు దగిలి నిలిచిపోయెను. అతడు త్రవ్వి చూడగా నొక చిన్న దేవాలయపు శిథిలములును, వాని క్రింద నొక చిన్న కుండయు గనబడెను. కుండలో రోమక చక్రవర్తుల బంగారు నాణెము లుండెను. రైతు వానిని పాత బంగారము క్రింద నమ్ముకొనెను. పెక్కు నాణెములు కరగిపోయి యుండును. ఆర్కాటు నవాబు కుమారుడగు అమీరుల్ ఉమరా 30కి పైగా నాణెములను మరల సంపాదించెను. అప్పుడు చెన్నపురి గవర్నరుగా నుండిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వానిలో హేడ్రియను నాణెము నొకదానిని, ఫౌస్టీనా రాణి నాణెము నొకదానిని తనకై యేరుకొనెను. ఆయన 1787లో వ్రాసిన లేఖ కలకత్తా ఆసియాటిక్ సంఘమువారి సంపుటమున నచ్చుపడుటచేతనే యీ సంగతి మనదాక వచ్చినది.

మిగిలిన యా కొలది నాణెములు చెప్పు మాటలు విందము. ట్రేజను 98 మొదలు 117 వఱకును, హేడ్రియను 117 మొదలు 138 వఱకును రోమును పాలించిరి. ఫౌస్టీనా యను పేరుగల రాణు లిరువురును ఆ రెండవ శతాబ్దమువారే. అది మన దేశమున శాతవాహనుల కాలము. రెండు కొయ్యల యోడ ముద్రగల వారి సీసపు నాణెములు ఈ తూర్పుతీరమున దొరకినవి. సముద్రయానము పాపమని తరువాతి ధర్మశాస్త్రకారులు విధించిరి కాని, తమ నాణెముమీద నోడను ముద్రించుకొన్న ప్రభువు లట్లు తలచినట్లు తోచదు.

కుండలోని నాణెములలో ననేకములు టంకసాలనుండి నిన్న వచ్చినట్లు క్రొత్తగా నుండెనట. కొన్ని మాత్ర మరిగిపోయి, రంధ్రములు గలిగి, చేతులకో మెడకో ధరించినట్లు కనబడెను. క్రొత్తవి చేతులు మారలేదు. అనగా అవి యిచ్చట నాణెములుగా గాక మేలిమి బంగారముగా నిలువయుండెనని మే మూహించుచున్నాము. రంధ్రములుగలవి మన స్త్రీల కాసులపేరునకు పూర్వరూపములు. ఒక దేశపు చక్రవర్తి ముఖము మఱియొక దేశపు గృహిణి మెడలో నగయైనది!

ఇంత బంగార మేల వచ్చెను? దండెత్తి తెచ్చినది కాదు. ఏటేట 5 కోట్ల సెస్టర్సుల ధనమును హిందూదేశము లాగుకొనుచున్నదని రోమక పండితుడు ప్లినీ మొదటి శతాబ్దముననే వాపోయెను. ఆ శతాబ్దపు గ్రీకు నావికు డొకడు కృష్ణాతీరపు మసాలియా సీమలో సన్నని వస్త్రములు విస్తారముగా నేయబడునని వ్రాసెను. కాబట్టి యా బంగారమున మన సాలెవాని చెమట కొంత గలదనుట సాహసము కాదు.

అయినను ముఖ్యమైన ప్రశ్నలకు సాక్ష్యము నశించినది. ఇటుకల కొలత యెంత? కుండ యే తీరుది? గుడి కట్టునపుడే దానిని పునాదిలో నుంచిరా, లేక దాచిన సొమ్ముపై గుడి లేచెనా? ఇటుకలును కుండయు జెప్పవలసిన యుత్తరము లివి. వానిని పలుకరించినవా రెవరు? పుదుచ్చేరి చెంత అరికమేడులో 1945లో వీలరు పొరపొరగా త్రవ్వించినపుడు దొరకిన ఇటలీదేశపు ఎఱ్ఱపాత్రల పెంకులు దమ్మిడీకి కొరగావు. కాని వాని సాయముననే యాచోటి దేశవాళి పాత్రల కాలము నిర్ణయమైనది. బంగారము చెప్పలేనిది పెంకు చెప్పినది.

ఇందు రైతును మాత్రమే నిందించుట న్యాయము కాదు. అతడు కడుపుకొఱ కమ్ముకొనెను. చదువుకొన్నవారు అందమైనవి యేరుకొనిరి. కుండను గూర్చి వ్రాసిపెట్టిన వా రొక్కరును లేరు. తరువాత 1878లో నిక్షేపముల చట్టము వచ్చినది. 10 రూపాయలకు మించిన నిక్షేపము దొరకినవాడు కలెక్టరునకు తెలుపవలెను. ప్రభుత్వమువారు దానిని గైకొన్నచో లోహపు వెలకు తోడు అందైదవవంతు అదనముగా నీయవలెను. నిజము చెప్పినవానికి నష్టము లేదని ప్రతి పల్లెయందును తెలియజెప్పవలసి యున్నది. లంకెబిందెలకై గుప్తనిధుల మంత్రగాండ్రను వెంటబెట్టుకొని పాడుగుళ్లను త్రవ్వు మూఢత్వ మింకను పోలేదు. ఒక్కొక్క గునపపు పోటుతో నొక్కొక్క పుట చిరుగుచున్నది. ఆ పుటను మరల వ్రాయగలవా డెవ్వడును లేడు. నాగలి కిటుక తగిలినప్పుడు ఎడ్లను నిలిపి, దొరకినదానిని దొరకినచోటనే యుంచి, పదిమందికి దెలుపుట మన పూర్వులకు మనము చేయదగిన కనీసపు మర్యాద.