డ్రిల్లు మాస్టరు – వ్యాయామ పట్టభద్రుడు

మన పాఠశాలలలో కొన్ని మాటలు వాని కాలము తీరిన పిమ్మట కూడ బ్రతికి ఉండును. ‘డ్రిల్లు పీరియడు’ అట్టి మాట. సంగారెడ్డిలో కాని, పటాన్‌చెరులో కాని వ్యాయామమునకు కేటాయించిన గంటను పెద్దలు నేటికిని ఆ పేరుతో పిలుచుట వినవచ్చును. ఆ గంటను నడుపు ఉపాధ్యాయుడు బి.ఏ.యో, బి.కాం.మో పూర్తిచేసి, దానిపై రెండేండ్లు వ్యాయామ విద్యను అభ్యసించినవాడని, ఆ రెండేండ్లలో శరీర నిర్మాణము, శరీర ధర్మములు, ఆరోగ్య విద్య, మనస్తత్త్వము చదివినవాడని ఎరిగినవారు తక్కువ. కవాతు నేర్పిన సిపాయి స్థానములోనికి పట్టభద్రుడు ఎట్లు వచ్చెను? అతడు తెచ్చిన విద్యను మనము ఎంతవరకు వినియోగించుకొంటిమి? ఈ రెండు ప్రశ్నలను ఈ ప్రసంగములో పరిశీలింతము.

దేహసాధన మన దేశమునకు క్రొత్త కాదు. తెలుగు జిల్లాలలో సాము గరిడీలు, తెలంగాణములో తాలీంఖానాలు అనేక తరములుగా మల్లులను తీర్చిదిద్దినవి. కాని గరిడీకి వచ్చువాడు కోరి వచ్చినవాడు. గురువు చేరదీయుటకు తగిన దేహము కలవాడు. బడి సంగతి వేరు. బలవంతుడు, బలహీనుడు, భయస్థుడు, ఆటయనిన విముఖుడు, అందరును ఒకే వరుసలో నిలుతురు. వారందరికిని తగిన సాధన చెప్పవలెననిన, గురువునకు తన దేహబలము చాలదు. ఇతరుల దేహములను గూర్చిన జ్ఞానము కావలెను.

ఈ భేదమును మన విద్యాశాఖలు గుర్తించుటకు చాల కాలము పట్టినది. 1882లో హంటరు విద్యా సంఘము బడులలో దేశీయ క్రీడలను, కసరత్తును, కవాతును ప్రోత్సహింపవలెనని సూచించినది. అయితే నేర్పువారెవరు? సైన్యము నుండి విరమించిన సిపాయిలు సులభముగా దొరకిరి. వరుసలో నిలుపుట, అడుగు కలుపుట, కేకతో ఆజ్ఞ ఇచ్చుట వారికి వచ్చిన విద్య. క్రమశిక్షణ విషయములో వారు చేసిన మేలును కాదనలేము. కాని వారు చూచినది వరుసను. వరుసలోని పిల్లవానిని కాదు. ‘డ్రిల్లు మాస్టరు’ అను మాటలోని చులకనయు నాటి నుండియే మొదలైనదని తోచును.

ఈ సందర్భమున కోడి రామమూర్తి నాయుడు జీవితములోని ఒక చిన్న సంగతి చెప్పుకొనదగినది. వీరఘట్టములో పుట్టి విజయనగరములో పెరిగిన ఆ మల్లయోధుని బలమును గూర్చి కథలు కథలుగా విన్నాము. సర్కసు ప్రదర్శనలతో దేశదేశముల పేరు తెచ్చుకొనుటకు ముందు ఆయన మద్రాసు వెళ్ళి, సైదాపేట కళాశాలలో ఒక సంవత్సరము వ్యాయామ శిక్షణ పొంది, తాను చదివిన విజయనగరము పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయుడుగా చేరెను. అంతటి బలశాలికిని బడిలో అడుగు పెట్టుటకు వేరొక చదువు కావలసివచ్చెను.

ఆ చదువు ఒక శాస్త్రముగా రూపొందినది పాశ్చాత్య దేశములలో. 1813లో స్వీడనులో పేర్ హెన్రిక్ లింగ్ స్టాక్‌హోమ్ నగరమున వ్యాయామ విద్యాలయము స్థాపించి, వ్యాయామమును శరీర నిర్మాణ శాస్త్రముతో ముడివేసెను. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ నగరమున వై.ఎం.సి.ఏ. శిక్షణాలయము వెలసినది. 1891లో అక్కడ జేమ్స్ నెయిస్మిత్ బాస్కెట్‌బాలు ఆటను కల్పించెను. మంచు కురియు దినములలో, నాలుగు గోడల నడుమ, ఒకరినొకరు గాయపరచుకొనకుండ పడుచువారిని ఆడించుట ఎట్లు? ఈ బోధనా సమస్యకు సమాధానముగా ఆ ఆట పుట్టినది. నెయిస్మిత్ పిమ్మట వైద్యవిద్య చదివి 1898లో వైద్య పట్టము కూడ పొందెను. ఆట, బోధన, వైద్యము ఒకే మనిషిలో కలిసిన ఈ ఉదాహరణను గుర్తుంచుకొనవలెను.

ఆ స్ప్రింగ్‌ఫీల్డులో చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసున వ్యాయామ కళాశాలను ప్రారంభించెను. ఇట్టి కళాశాల ఆసియా ఖండములోనే ఇది మొదటిదని చెప్పుదురు. తెలుగు జిల్లాలు నాడు మద్రాసు రాష్ట్రములోనివే గావున, మన వ్యాయామోపాధ్యాయులకు చాలకాలము అదియే గురుకులము. 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలకు వెళ్ళిన భారత జట్టుతో కూడ బక్ వెళ్ళెను. 1943లో మరణించునంతవరకు ఆయన కార్యక్షేత్రము మద్రాసే.

నిజాము రాజ్యము కూడ ఈ విషయములో వెనుకబడలేదు. 1931లో హైదరాబాదులో ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల ఏర్పడినది. కలకత్తా, లక్నో నగరములలోని కళాశాలలు 1932లోను, బొంబాయి సమీపమున కాందివలి కళాశాల 1938లోను వచ్చినవి. దేశములోని మొదటి వ్యాయామ కళాశాలలలో హైదరాబాదు ఒకటి అని మన ప్రాంతపు వారు గర్వముగా చెప్పుకొనవచ్చును. దోమలగూడలోని ఆ కళాశాల నేటికిని నడుచుచున్నది. పటాన్‌చెరు నుండి సుమారు 30 కిలోమీటర్ల దూరము.

నాటి పద్ధతి ప్రకారము సాధారణ డిగ్రీ పుచ్చుకొన్నవారు కొంతకాలము శిక్షణ పొంది వ్యాయామ విద్యలో డిప్లొమా సంపాదించెడివారు. ఈ డిప్లొమా ఒక ఉపాధ్యాయుని ఎంతవరకు తీసికొనిపోగలదో హైదరాబాదీయుడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ జీవితము చూపును. 1909లో జన్మించిన రహీమ్ ఉస్మానియా పట్టభద్రుడు. కాచిగూడ, ఉర్దూ షరీఫ్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పంతులుగా పనిచేసెను. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందిన పిమ్మట ఆయనకు బడులలో ఆటల బాధ్యత లభించెను. తరువాతి కథ లోకమెరిగినదే. ఆయన తీర్చిన హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరములు రోవర్స్ కప్పు గెలిచెను. భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణము, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము, 1962లో జకార్తాలో మరల స్వర్ణము సాధించెను. 1963లో ఆయన కన్నుమూసెను.

రహీమును ప్రపంచము శిక్షకుడుగా ఎరుగును. కాని ఆయన పద్ధతులు చూచిన వారికి అందులో బడిపంతులు కనిపించును. బంతిని ఎవడును తనవద్దనే ఉంచుకొని పరుగెత్తరాదను నియమముతో ఆయన పోటీలు పెట్టించెను. వాడుక లేని కాలితోనే బంతిని తన్నవలెను అను పోటీలు పెట్టించెను. ఇవి పతకముల కొరకు పెట్టిన పోటీలు కావు, పాఠములు. పిల్లవాని లోపము ఏదో కనుగొని, ఆ లోపము తనంత తానుగా సరియగునట్లు ఆటనే మార్చుట బోధనలోని ఉన్నత దశ. అది బలము వలన కాదు, విద్య వలన వచ్చును.

స్వాతంత్ర్యానంతరము ఈ విద్యకు రావలసిన గౌరవమును స్పష్టముగా చెప్పినది 1952–53 నాటి మాధ్యమిక విద్యా సంఘము. దానికి అధ్యక్షుడు డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు. ఆయన స్వయముగా పేరెన్నికగన్న వైద్యుడు. నలువది ఏండ్ల లోపు వయస్సు గల ఉపాధ్యాయులందరును విద్యార్థుల దేహసాధన కార్యక్రమములలో పాల్గొనవలెనని ఆ సంఘము సూచించినది. వ్యాయామోపాధ్యాయునికి శరీర ధర్మ శాస్త్రము, ఆరోగ్య శాస్త్రము వంటి విషయముల బోధనలో భాగము కల్పించవలెననియు, అంతే అర్హత గల తక్కిన ఉపాధ్యాయులతో సమానమైన హోదా ఈయవలెననియు పేర్కొన్నది. ఈ సూచనలలోని లోతు గమనింపదగినది. వ్యాయామోపాధ్యాయుడు తరగతి గదిలోనికి రావలెను. తక్కినవారు మైదానములోనికి పోవలెను. అప్పుడే మధ్యనున్న గోడ కూలును.

1957 ఆగస్టు 17న, మొదటి స్వాతంత్ర్య సమరమునకు నూరేండ్లు నిండిన సంవత్సరమున, గ్వాలియరులో లక్ష్మీబాయి కళాశాల ప్రారంభమైనది. డిగ్రీపై అతికించిన శిక్షణగా గాక, మూడేండ్ల ప్రత్యేక పట్టముగా వ్యాయామ విద్య అక్కడ మొదలైనది. కాందివలి కళాశాలకు తొలి ప్రిన్సిపాలుగా పనిచేసిన పి.ఎం. జోసఫ్ దీనికిని తొలి ప్రిన్సిపాలు. 1963లో అక్కడనే స్నాతకోత్తర విద్య కూడ ప్రారంభమైనది. అనగా వ్యాయామము గూర్చి పరిశోధించుట, కొలుచుట, వ్యాసము సమర్పించుట మన దేశమున విద్యగా గుర్తింపు పొందినది.

నేటి మెట్లు ఇవి. ఇంటర్మీడియటు చదివినవారికి రెండేండ్ల డి.పి.ఎడ్.; పట్టభద్రులకు బి.పి.ఎడ్.; ఆపైన రెండేండ్ల ఎం.పి.ఎడ్. కళాశాలలలో ఫిజికల్ డైరెక్టరు కాగోరువారికి ఎం.పి.ఎడ్. కావలెను. 1995లో ఏర్పడిన జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో చేసిన నిబంధనలతో, అంతకుముందు ఒక సంవత్సరము ఉండిన బి.పి.ఎడ్. రెండు సంవత్సరములైనది. ప్రవేశమునకు పీఈసెట్ అను పరీక్ష కలదు: పరుగు, దూకుట, గుండు విసరుట, ఒక ఆటలో నైపుణ్యము. గుమ్మములో దేహమునకు పరీక్ష; లోపలికి పోయిన తరువాత పుస్తకము. ఆ పుస్తకములలో ‘ఆరోగ్య విద్య, పర్యావరణ అధ్యయనము’ అనునది ఒకటి.

ఈ ఒక్క పాఠ్యాంశమును చేతబట్టుకొని సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమును చూతము. 1960 దశకములో రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము వచ్చెను. 1972లో పటాన్‌చెరులో మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ వెలసెను. పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారములలో రసాయన, ఔషధ పరిశ్రమలు వరుసగా లేచినవి. వేలాది కుటుంబములకు అన్నము దొరకెను. దానితోపాటు నక్కవాగు నీరు రంగు మారెను. ఆ వాగు మంజీరలో కలియును. పరిశ్రమల వ్యర్థజలములను శుద్ధిచేయుటకు పటాన్‌చెరులో నెలకొల్పిన కేంద్రము నుండి వెలువడిన నీటిని స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అను సూక్ష్మజీవ నాశక ఔషధము లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉండెను. మందు మింగిన రోగి రక్తములో ఉండు పరిమాణము కంటె అది ఎక్కువ. ఇట్టి నీటిలో మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరుగునని ప్రపంచమంతయు ఆందోళన చెందినది.

ఇట్టి చోట వ్యాయామ గంట అనగా ఏమి? విశ్రాంతిగా కూర్చున్న పెద్దవాడు నిమిషమునకు ఏడెనిమిది లీటర్ల గాలి పీల్చును. గట్టిగా పరుగెత్తునపుడు అది పదింతలకు మించవచ్చును. గాలి బరువెక్కిన ఉదయమున పిల్లలను పరుగెత్తించవలెనా, నీడలో ఆసనములు వేయించవలెనా అని నిర్ణయించువాడు శ్వాసక్రియను చదివినవాడై ఉండవలెను. ఆడపిల్ల పరుగులో త్వరగా ఆయాసపడినచో అది సోమరితనము కాక రక్తహీనత కావచ్చునని గుర్తించి వైద్యుని వద్దకు పంపువాడు కావలెను. ఏడాదికి రెండుమార్లు ఎత్తు, బరువు వ్రాసి, పెరుగుదల ఆగిన పిల్లను కనిపెట్టువాడు కావలెను. వైద్యుడు చెప్పకుండ యాంటీబయాటిక్ మాత్రలు మింగరాదు, చెప్పినచో నడుమ మానరాదు అని ఇంటింటికి చేరునట్లు పిల్లలకు బోధించువాడు కావలెను. బీహారు నుండి, ఒడిశా నుండి పనికి వచ్చిన కార్మికుల బిడ్డకు తెలుగు రాకపోవచ్చును. కబడ్డీ కూత వచ్చును. ఆ కూతతో వానిని బడిలోనికి చేర్చుకొనువాడు కూడ ఇతడే.

ఈ పనులన్నిటికిని తగిన చదువు వ్యాయామ పట్టభద్రుని వద్ద కలదు. లేనిది దానికి చోటు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి బడికిని ఆటస్థలము ఉండవలెనన్నది, మెచ్చదగినది. కాని ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు, నూరుమందికి మించి పిల్లలున్న బడులలో ఆరోగ్య వ్యాయామ విద్యకు అది కోరినది పార్ట్‌టైము శిక్షకుని మాత్రమే. నిలకడగా ఉండని ఉపాధ్యాయుడు పిల్లవాని ఎదుగుదలను ఏండ్ల తరబడి ఎట్లు గమనించును? పూర్తికాల ఉద్యోగి ఉన్న బడులలోను, వార్షిక పరీక్షలు దగ్గరపడగానే ఆ గంట గణితమునకో, విజ్ఞాన శాస్త్రమునకో పోవుట సాధారణము. మిగిలిన రోజులలో ఆయన గంట కొట్టించుటకు, వరుసలు సరిచేయుటకు, ఉత్సవములలో పందిరి చూచుటకు ఉపయోగపడుచున్నాడు. అనగా పట్టభద్రుని నియమించి, మరల డ్రిల్లు మాస్టరు పనియే చేయించుచున్నాము.

దీనికి గొప్ప వ్యయము అక్కరలేదు. 2020లో ప్రారంభమైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమము ప్రతి బడిలోను ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య ప్రతినిధులుగా ఎన్నుకొనవలెనన్నది. వ్యాయామ పట్టభద్రుడున్న బడిలో ఆ ఇద్దరిలో ఒకరు ఆయనయే కావుట న్యాయము. జీవశాస్త్రములోని శ్వాసక్రియ, రక్తప్రసరణ పాఠములను ఆయన, జీవశాస్త్రోపాధ్యాయుడు కలిసి, సగము గదిలో, సగము మైదానములో చెప్పవచ్చును. నాడి కొట్టుకొనుటను పరుగునకు ముందు, తరువాత లెక్కించిన పిల్లవాడు ఆ పాఠమును మరచిపోడు. మొదలియారు సంఘము 1953లోనే చూపిన దారి ఇదియే.

హైదరాబాదు 1931లోనే వ్యాయామోపాధ్యాయునికి కళాశాల కట్టినది. ఒక బడిపంతులు డిప్లొమా పొంది దేశపు జట్టును ఒలింపిక్ సెమీఫైనలు వరకు నడిపించినది ఈ నగరము నుండియే. ఆ వారసత్వము పతకములతో తీరిపోవునది కాదు. పటాన్‌చెరు పొగగొట్టముల సమీపమున చదువుకొను పిల్లవాని ఊపిరి, రక్తము, నిద్ర, ఆహారము ఎట్లున్నవో చదువు వలన తెలిసికొనగల ఉపాధ్యాయుడు బడిలో సిద్ధముగా ఉన్నాడు. ఆయనకు ఈల ఇచ్చినాము. ఇక తరగతి గదిలో సుద్దముక్కను కూడ ఈయవలసి యున్నది.