డబ్బాలో ఏముంది?

బేగంబజారుకెళ్లి ఒక్క వస్తువుతో తిరిగొచ్చిన ఇల్లాలు ఉంటుందా? రెండో నిజాం భార్య హమ్దా బేగం వర్తకులకిచ్చిన చోటట అది. మొన్న అక్కడ స్టీలు డబ్బాలు బేరమాడుతుంటే మా మేనత్త గుర్తొచ్చింది.

ఆవిడ ఉప్పు పోసుకునే డబ్బా పత్తిచేలో కొట్టిన పురుగుమందుది. "ఏడుసార్లు తోమానే! మూత ఎంత గట్టిదో చూడు" అనేది. ఆ ఉప్పు వేసిన పప్పన్నం నేనూ తిన్నాను. అప్పుడు నాకేం తెలుసు?

మందూ తిండీ కలిస్తే ఏమవుతుందో 1958లోనే కేరళ చూసింది. ఓడలో పారాథియాన్ మందు ఒలికి కలిసిన గోధుమపిండి తిని నూరుమందికి పైగా పోయారు. పదేళ్లకు, 1968లో పురుగుమందుల చట్టం, 1971లో నిబంధనలు వచ్చాయి. డబ్బాల మీది రంగు గుర్తులు వాటి పుణ్యమే. ఎరుపు మహావిషం, ఆ తర్వాత వరసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అన్నారు కదా అని అమృతం కాదు సుమండీ! ఖాళీ డబ్బాలు మళ్లీ వాడకుండా పగలగొట్టి, ఇళ్లకు దూరంగా పాతిపెట్టమన్నదీ ఆ నిబంధనలే.

కానీ చట్టం వంటింట్లోకొచ్చి డబ్బాలు వెతుకుతుందా? ఆ పని మనదే.

అత్త లేదిప్పుడు. ఆ డబ్బా మాత్రం కోడలి అటకమీద ఇంకా ఉందట. అందుకే నాలుగు డబ్బాలకని వెళ్లినదాన్ని అయిదు కొన్నాను. అయిదోదాంట్లో చీటీ పెట్టి ఊరికి పంపాను: "అమ్మాయ్, పాతదానికి చిల్లులు పొడిచి పాతెయ్యి. ఉప్పు ఇందులో పోసుకో."