రహీం సాబ్ పగ్గాలు పట్టిన సీజన్

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు కొత్త కోచ్‌తో సీజన్ మొదలుపెట్టింది. కోచ్ పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఖాకీ తొడిగిన మనిషి కాదు, బడిపంతులు. యుద్ధం వల్ల, దేశ విభజన వల్ల ఆగిపోయిన డ్యూరండ్ కప్పు పోటీలు ఆ ఏడే ఢిల్లీలో మళ్లీ మొదలయ్యాయి. ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి మన జట్టు ఆ కప్పు తెచ్చింది. అదే ఏడు బొంబాయిలో రోవర్స్ కప్పు కూడా గెలిచింది. 1954 దాకా, వరసగా అయిదేళ్లు, రోవర్స్ కప్పును మరొకరి చేతికి పోనివ్వలేదు. ఆ సీజన్‌కు డెబ్బై అయిదేళ్లు నిండిన సందర్భంగా ఈ ప్రత్యేక సంచిక తెస్తున్న కమిటీ పెద్దలు నన్ను రాయమని అడిగారు. రహీం సాబ్‌ను కళ్లారా చూసిన వాళ్లలో మిగిలింది కొద్దిమందిమే కాబట్టి ఈ పని నాది అనుకున్నాను.

అప్పటి నగరం ఎలా ఉండేదో చెప్పకుండా ఆ గెలుపు చెప్పలేం. హైదరాబాద్‌ను దేశంలో కలిపిన పోలీస్ యాక్షన్ జరిగి రెండేళ్లే అయింది. నిజాం సైన్యం రద్దయింది. కొలువులు పోయిన ఇళ్లు ఏ గల్లీలో చూసినా ఉండేవి. కొందరు సామాన్లు కట్టుకుని కరాచీ వెళ్లిపోయారు, ఉండిపోయిన వాళ్లకు రేపటి మీద ధీమా లేదు. మా నాన్నగారు ఆ రోజుల గురించి ఎక్కువగా మాట్లాడేవారు కాదు. ఢిల్లీలో మనవాళ్లు గెలిచారన్న కబురు మాత్రం ఆయన ఎప్పుడు చెప్పినా ముఖం వెలిగేది. ముస్లింలు, తెలుగువాళ్లు, సికింద్రాబాద్ లష్కర్‌లోని తమిళులు, క్రైస్తవులు అందరూ ఒకే ‘మనవాళ్లు’ అనుకున్న మాట ఆ రోజుల్లో అదొక్కటేనని ఆయన అనేవారు. పోలీసు జట్టులో చోటు దొరికితే ఇంట్లో పొయ్యి వెలిగేది కూడా. ఆటగాడికి ఉద్యోగం, ఉద్యోగానికి ఆట అన్న ఏర్పాటు ఎన్ని కుటుంబాలను నిలబెట్టిందో లెక్క కట్టినవాళ్లు లేరు.

ఈ జట్టు పోలీసు లైన్లలో పుట్టి పెరిగిందని చాలామంది అనుకుంటారు. దాని వేళ్లు బళ్లలో, కాలేజీల్లో ఉన్నాయని నా గట్టి నమ్మకం. మూసీ ఒడ్డున, హైకోర్టు పక్కన, విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో కట్టిన సిటీ కాలేజీ ఉంది కదా, దాని విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి ‘ఎలెవన్ హంటర్స్’ అనే జట్టుగా ఆడేవారు. రహీం సాబ్ అందులో ఆడారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు, అక్కడా ఆడారు. నగర లీగ్‌లో పేరున్న ఖమర్ క్లబ్బుకూ ఆడారు. చదువయ్యాక కాచిగూడ మిడిల్ స్కూల్లో, ఉర్దూ షరీఫ్‌లో, దారుల్ ఉలూంలో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా తీసుకున్నారు. 1940లలోనే హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు, పోయేదాకా ఆ బాధ్యత మోశారు. 1950లో పోలీసు జట్టు చేతికి వచ్చేసరికి ఆయనకు నలభై ఏళ్లు. అంటే ఆ జట్టు కోసం ఏం చేయాలో అప్పటికే ఎన్నో ఏళ్లుగా బడిపిల్లల దగ్గర నేర్చుకుంటూ వచ్చారు.

ఆ నేర్పంతా ఆయన పెట్టిన చిన్న చిన్న పోటీల్లో ఉంది. ఎడమ కాలితో ఆడనివాళ్లకు ఎడమ కాలు అలవాటు చేసే పోటీలు, పొట్టివాళ్లకు వేరే పోటీలు, అసలు డ్రిబ్లింగే చేయకూడదన్న పోటీలు. మా గల్లీ కుర్రాళ్లకు బంతి దొరికితే వదలబుద్ధి పుట్టదు, నలుగురిని తిప్పి తిప్పి ఏడిపించి చివరికి అయిదోవాడికి అప్పజెప్పడం మా ఆట. డ్రిబ్లింగ్ లేదంటే బంతి కాలికి తగలకముందే చుట్టూ చూసుకోవాలి, ఎవడు ఖాళీగా ఉన్నాడో తెలియాలి, తగలగానే వదలాలి. సిటీ పోలీస్ ఆటలో పొట్టి పాసులు అంత చకచకా సాగాయంటే, వెనకబడిన మ్యాచ్‌లో కూడా చివరి నిమిషం దాకా చెదరలేదంటే, కారణం ఈ బడి అలవాటేనని నేను అంటాను.

ఇక్కడ మా బస్తీ క్లబ్బును నడిపిన పెద్దాయన గురించి రాయకపోతే నా చెయ్యి ఒప్పుకోదు. పేరు రాస్తే ఆయనకు నచ్చేది కాదు కాబట్టి రాయడం లేదు. రైల్వేలో గుమాస్తా. తెలుగాయనే అయినా రహీం సాబ్‌తో దక్కనీ ఉర్దూలో మాట్లాడేవారు. సాబ్ పోటీలకు చాలాసార్లు రిఫరీగా వెళ్లి, తిరిగి వచ్చి అవే పోటీలు మాకు పెట్టేవారు. తెల్లారకముందే సున్నం డబ్బాతో గీతలు గీసేవారు, ఆఫీసుకు వెళ్లే ముందు ఒక ఆట, వచ్చాక ఒక ఆట. ఎవడైనా సొంత జట్టువాడిని తిడితే ఆ రోజుకు వాడికి బంతి లేదు. గోల్ కొట్టినవాడిని మెచ్చుకునేవారు కాదు, ఆ గోల్‌కు ముందు పాస్ ఇచ్చినవాడి భుజం తట్టేవారు. జీతంలోంచి ఏటా రెండు బంతులు కొనేవారని ఆయన పోయాక వాళ్లింటి అమ్మగారు చెబితే తెలిసింది. ఆయన వెంట ఫతే మైదాన్‌కు వెళ్లినప్పుడే రహీం సాబ్‌ను చూశాను. గీత పక్కన నిలబడి, గొంతు పెంచకుండా చూస్తూ ఉన్నారు. మాట్లాడే ధైర్యం నాకు లేకపోయింది.

కమిటీ కోరినట్టు పేర్లు చెప్పుకోవాలి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ జట్టులో మన నగరంతో బంధమున్న వాళ్లు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, అహ్మద్ హుస్సేన్, సలాం. తర్వాతి తరంలో యూసుఫ్ ఖాన్, అఫ్జల్, రహీం సాబ్ కుమారుడు ఎస్.ఎస్. హకీం, ఆ పైన నయీముద్దీన్, హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. ఇందరిలో బలరాం గారి సంగతి విడిగా చెప్పాలి. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టారు. రోజూ శిక్షణకు రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్ అద్దె సాబే ఇచ్చారని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. ఆ సైకిల్ అద్దె వల్ల దేశానికి రెండు ఒలింపిక్స్ ఆడిన ఫార్వర్డ్ దొరికాడు. 1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్ కొట్టింది ఆయనే.

సిటీ పోలీస్ జట్టు ఘనతలు వరసగా చెప్తే డ్యూరండ్ కప్పు 1950, 1954, 1957ల్లో, ఆంధ్రా పోలీస్‌గా పేరు మారాక 1961లో. అయిదు వరస రోవర్స్ కప్పుల తర్వాత 1957లో ఒకటి, 1960లో ఒకటి, 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి ఒకటి, 1963లో మరొకటి. రాష్ట్ర జట్టుగా హైదరాబాద్ 1956–57, 1957–58ల్లో సంతోష్ ట్రోఫీ గెలిచింది.

దేశం జట్టు కూడా అదే పంతులు చేతికి వెళ్లింది. 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్‌ను 1–0తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మీద 10–1తో ఓడిపోయారు. మనవాళ్లలో చాలామంది ఒట్టి కాళ్లతో ఆడారు. ఆ దెబ్బతోనే మన దేశంలో బూట్లు తప్పనిసరయ్యాయి. నాలుగేళ్లకు మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. నెవిల్ డిసౌజా ఆ మ్యాచ్‌లో మూడు గోల్స్ కొట్టారు. ఆ పోటీల్లో నాలుగో స్థానం మనది. బ్రెజిల్ 1958 ప్రపంచ కప్పులో 4–2–4 వరసతో లోకాన్ని మెప్పించకముందే రహీం సాబ్ మన జట్టును అలా ఆడించారని ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్లు చెప్తారు.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ దగ్గర నా కలం ఆగుతుంది. సాబ్ ఆరోగ్యం అప్పటికే చెడిపోయింది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడారు. అక్కడి నుంచి థాయిలాండ్‌ను, జపాన్‌ను, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను దాటి మళ్లీ అదే దక్షిణ కొరియాతో ఫైనల్. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను పోటీలకు రానివ్వనందుకు మన దేశపు క్రీడాధికారి ఒకరు అన్న మాటలతో అక్కడి జనం మండిపడుతున్నారు. స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా కేకలే. తంగరాజ్ జ్వరం పడి లేచాడు. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా ఆడించాలని నిర్ణయించింది రహీం సాబే. రేపు నాకు బంగారు పతకం కానుకగా ఇవ్వండని ముందు రాత్రి జట్టును అడిగారని ఆటగాళ్లు తర్వాత ఎన్నోసార్లు తలుచుకున్నారు. సెప్టెంబరు 4న పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2–1. మా బస్తీ పెద్దాయన ఆ కబురు విని ఎగరలేదు, అరవలేదు, తెల్లారి సున్నం డబ్బా పట్టుకుని గీతలు గీయడానికి వచ్చేశారు. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి మళ్లీ బంగారం రాలేదు.

నెలల తరబడి మంచం పట్టి, 1963 జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. యాభై నాలుగేళ్లు కూడా నిండలేదు.

సాబ్ పోయాక కూడా 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో మన ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు వెళ్లి ఆడారు, ఇక్కడ లీగులు జరిగినా ఆట మెల్లగా తగ్గుతూ వచ్చింది.

బాధ్యతగా తలుచుకోవలసిన వాళ్లు ఇంకా ఉన్నారు. మ్యాచ్ ఉన్న రోజు ఆటగాళ్ల దగ్గర చాయ్‌కి డబ్బులు తీసుకోని ఇరానీ హోటల్ యజమానులు, అరిగిన బూట్లకు అరువు మీద మేకులు కొట్టిన చెప్పులు కుట్టే అన్నలు, నెట్లు అల్లిన వాళ్లు, గ్రౌండు మాలీలు, బెణికిన కాళ్లకు కట్లు కట్టిన పహిల్వాన్లు, సాయంత్రం ఆటకు వెళ్తామంటే ఒక పీరియడ్ వదిలేసిన లెక్కల మాస్టార్లు, ఈ సంచికకు పాత ఫొటోలు ఇచ్చిన కుటుంబాలు. అందరికీ కమిటీ తరఫున నమస్కారం.

చెప్పకుండా ఉండలేని మాట ఒకటుంది. బలరాం గారికి 1962లో అర్జున అవార్డు వచ్చింది. ఆరోగ్యం కుదరక తొందరగా ఆట మానుకుని, బెంగాల్‌లోని ఉత్తరపాడాలో ఉండిపోయి, 2023 ఫిబ్రవరిలో పోయారు. రహీం సాబ్‌కు ఏ పద్మ పురస్కారమూ రాలేదు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు పుట్టిందే 1985లో. ఆయన పేరు దేశానికి మళ్లీ వినిపించడానికి 2024లో ఒక హిందీ సినిమా, ‘మైదాన్’, రావలసి వచ్చింది. 2022లో హైదరాబాద్ పేరుతో ఆడిన క్లబ్బు ఇండియన్ సూపర్ లీగ్ గెలిస్తే మా పాతతరం వాళ్లం పండగ చేసుకున్నాం. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది.

పురస్కారాల కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది మైదానాలు. మా క్లబ్బు ఆడుకున్న నేల చుట్టూ ఒక కార్యాలయం వాళ్లు గోడ కట్టారు. పెద్దాయన బతికుండగానే కట్టారు. అర్జీలు పట్టుకుని ఆయన ఎన్ని మెట్లు ఎక్కినా జవాబు రాలేదు. ఇప్పుడక్కడ ఫంక్షన్ హాలు ఉంది. ఆటస్థలమే లేని బళ్లకు అనుమతులొస్తున్న ఊళ్లో, బడిపంతులు తయారుచేసిన ఆట ఎందుకు తగ్గిపోయిందని సెమినార్లు పెట్టుకోవడం నాకు మింగుడు పడదు. విగ్రహానికి చందా వేద్దామని మన కమిటీలో కొందరు అన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను.

ఆ డబ్బుతో పన్నెండేళ్ల లోపు పిల్లలకు, బస్తీ బళ్ల నుంచే, ఏటా డ్రిబ్లింగ్ లేని పోటీ ఒకటి, ఎడమ కాలి పోటీ ఒకటి పెడదామని నేను రాసిచ్చిన కాగితాన్ని సమావేశంలో అందరూ ఆమోదించారు. ఆ పిల్లలకు నేర్పడానికి పోలీసు జట్టులో ఆడి రిటైరైన ఇద్దరు మిత్రులు జీతం లేకుండా వస్తామన్నారు. బంతులు, బూట్లు కొనడానికి ఈ సంచిక ప్రకటనల్లో మిగిలిన సొమ్ము సరిపోతుంది. మైదానం కోసం మూడు బళ్ల యాజమాన్యాలకు ఉత్తరాలు రాశాం. జూన్‌లో బళ్లు తెరిచేలోగా ఒక్కరైనా ఒప్పుకోవాలి.