ఇర్బిట్ చేరిన మూడు చక్రాల బండి

రెండవ ప్రపంచ యుద్ధమునాటి వాహనములనగానే పాఠకులకు టాంకులు, జీపులు స్ఫురించును. వాని నీడలో మరుగుపడిన వాహనమొకటి కలదు. మోటారు సైకిలుకు ఒక ప్రక్క తొట్టెవంటి ఆసనమును, దానికొక చక్రమును అమర్చిన సైడుకారు బండి అది. సోవియట్ సేనలు వాడిన ఎమ్-72 ఆ జాతికి చెందినదే.

ఆ బండి సోవియట్ దేశమున ఊహింపబడినది కాదు. జర్మనీలోని బి.ఎమ్.డబ్ల్యు. సంస్థ 1938లో వెలువరించిన ఆర్-71 దానికి మాతృక. స్వీడను మార్గమున రహస్యముగా ఐదు బండ్లను కొని మాస్కోకు చేర్చిరని ఒక కథ ప్రచారమందున్నది. 1939 నాటి ఒడంబడిక పిమ్మట ఉభయ దేశముల నడుమ వర్తకము బాహాటముగనే సాగుచుండగా, ఇంతటి గుట్టు అవసరమై యుండునా యని మాకు సందేహము. కథలకు గూఢచారులు రుచి చేకూర్తురు గదా!

దాని ఇంజను 746 ఘన సెంటీమీటర్లది. శక్తి 22 అశ్వములు. రెండు సిలిండర్లు చాచిన చేతులవలె చెరియొక ప్రక్కకు నిలిచి, ఎదురుగాలికి చల్లబడుచుండును. వాల్వులు సిలిండర్ల ప్రక్కనే యుండుట అప్పటికే పాతబడిన పద్ధతి. వేగము కోరువారికి అది నచ్చదు. కాని నాసిరకము పెట్రోలుతోనైనను అది నడచును. విప్పి బాగుచేయుట తేలిక. వెనుక చక్రమును త్రిప్పునది గొలుసు కాదు, షాఫ్టు. రష్యా బురదలో ఈ ఏర్పాటు విలువ ఇంతింత కాదు. నడుపువాడొకడు, అతని వెనుక ఒకడు, తొట్టెలో మెషీన్‌గన్‌తో మరియొకడు: ముగ్గురు సైనికులు, ఒక బండి.

జర్మనులు తమ సైన్యమునకై నిర్మించిన ఆర్-75, జుందాప్ కె.ఎస్.-750 బండ్లు ఇంతకంటె మేలైనవే. వాని శక్తి 26 అశ్వములు. సైడుకారు చక్రమునకును ఇంజను శక్తి అందును. వెనుకకు నడుచుటకు గేరు కలదు. కాని అంత మేలైన యంత్రమునకు ఖర్చును, శ్రమయు మెండు. ఆర్-75లు మొత్తము మీద సుమారు 16,500 మాత్రమే తయారైనవి. యుద్ధకాలమున చేయ వీలైన బండియే మంచి బండి యని మా అభిప్రాయము.

ఎమ్-72 నిర్మాణము 1941లో మాస్కోలో ఆరంభమయ్యెను. ఆ యేడే జర్మను సేనలు మాస్కోను సమీపించినవి. శరత్కాలమున కర్మాగారమును విప్పి, యంత్రములను రైళ్లకెత్తి, యురల్ పర్వతములకు ఆవల నున్న ఇర్బిట్ పట్టణమునకు తరలించిరి. ఒకప్పుడు గొప్ప సంతకు పేరుగన్న ఊరది. మోటారు బండ్ల పరిశ్రమకు తగిన కట్టడమేదియు అచ్చట లేదు. దొరికినది ఒక బీరు కర్మాగారము. అందులోనే యంత్రములను నిలిపిరి. సైబీరియా అంచున, నడిచలికాలమున, ఆ పని ఎట్టిదో ఊహింపవలసినదే. 1942 ఫిబ్రవరి 25న మొదటి విడత బండ్లు యుద్ధరంగమునకు బయలుదేరినవి. యుద్ధము ముగియునప్పటికి అచ్చటినుండి వెళ్లినవి 9,799.

తరువాత చీనాలో చాంగ్‌జియాంగ్ అను పేరున ఈ బండికి వారసురాలు పుట్టినది. ఇర్బిట్‌లో యురల్ బండ్ల తయారీ దశాబ్దముల పాటు సాగినది. 2022లో యుక్రెయిన్ యుద్ధము వచ్చిన పిమ్మట, ఆ బండ్ల కూర్పు పని కజకిస్తానులోని పెత్రోపావ్ల్ పట్టణమునకు తరలిపోయినది.