ఇంటి కలహమునకు చికిత్స

మనోవ్యాధికి మూలమును రోగి బాల్యస్మృతులలో వెదకుటయే పరిపాటియైయున్న కాలమున, అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రమందు జెరాల్డ్ ప్యాటర్సన్ అను మనస్తత్త్వవేత్త, 1960వ దశకములో, పెంకిపిల్లల యిండ్లకు పరిశీలకులను పంపి, తల్లి యాజ్ఞాపించుటయు, బిడ్డ యేడ్చి మొండిపట్టు పట్టుటయు, విసిగిన తల్లి తన మాటను విడిచిపెట్టుటయు ఒకదానివెంట నొకటిగ వ్రాయించెను. ఆ వ్రాతలలో తేలిన సత్యము సామాన్యమైనది కాదు: తల్లి లొంగిన క్షణమున బిడ్డకు మొండితనము ఫలించుచున్నది, ఏడ్పాగిన క్షణమున తల్లికి లొంగుబాటు ఫలించుచున్నది, ఇట్లు ఇరువురును తెలియకయే యొకరికొకరు ఆ కలహమును నేర్పుకొనుచున్నారు. తల్లినిగాని బిడ్డనుగాని నిందింపక, వారి నడుమ నడచు వ్యవహారమును పరీక్షించు నీ దృష్టిని నేను మిక్కిలి కరుణగలదానినిగ నెంచుచున్నాను.

ఇట్లు వ్యవహారమును పరీక్షించి ప్రవర్తనను దిద్దుట మాత్రమే చాలదని పిమ్మట తెలిసినది. ఆల్బర్ట్ ఎల్లిస్ 1950వ దశకమునుండియు, ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ 1960వ దశకమునుండియు బోధించిన ఆలోచనాపరీక్ష కుటుంబచికిత్సలోనికిని వచ్చెను. భర్త ఆలస్యముగ వచ్చినంతనే ‘నేనన్న లక్ష్యము లేదు’ అని తలచు భార్య, ఆ తలపునకు సాక్ష్యమేమని తన్ను తానే ప్రశ్నించుకొనుట, వేరొక కారణముండవచ్చునాయని యోచించుట ఇందలి సాధన. 1988లో బెక్ దాంపత్యముపై ప్రకటించిన గ్రంథము ఈ పద్ధతిని సామాన్యపాఠకులకు చేర్చినది.