రౌతు మెత్తనైతే...

చెన్నైలోని మా వ్యాసర్పాడిలో ఆటంటే ఫుట్‌బాలే. సందులో కాస్త చోటు దొరికితే చాలు, పిల్లలు రెండు రాళ్లు పెట్టి గోల్ అనేస్తారు. గుర్రాన్ని చూడాలంటే మాత్రం మేం మెరీనా దాకా వెళ్లాల్సిందే. అక్కడ పిల్లల్ని ఎక్కించుకుని ఇసుకలో తిరిగే గుర్రం పక్కన నడిచే మనిషిని గమనించండి. ఒక చేతిలో తాడు వదులుగా ఉంటుంది. రెండో చెయ్యి గుర్రం మెడ మీద ఉంటుంది. అల మీదికొచ్చి గుర్రం చెవులు రిక్కిస్తే తాడు లాగడు, మెడ నిమురుతాడు. అది మళ్లీ నడక అందుకుంటుంది.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మన సామెత. ఎవరి దగ్గరా మెతకగా ఉండొద్దని బుద్ధి చెప్పడానికి దాన్ని వాడతాం. షో జంపింగ్‌లో వ్యక్తిగత పతకాలు గెలిచినవాళ్ల చరిత్ర చదివితే, ఈ సామెత అక్కడ తలకిందులైందని తెలుస్తుంది.

ముందు ఆట సంగతి. మైదానంలో రంగురంగుల కర్రలతో అడ్డంకులు పెడతారు, రౌతు గుర్రంతో వాటిని దూకించాలి. ఒలింపిక్స్‌లో వాటి ఎత్తు 1.65 మీటర్ల దాకా ఉంటుంది. కర్రలను బిగించరు, ఊరికే ఆనించి ఉంచుతారు. గిట్ట గట్టిగా తగిలితే కర్ర పడిపోతుంది, 4 తప్పులు లెక్కకెక్కుతాయి. గుర్రం దూకకుండా ఆగిపోయినా అంతే. తప్పులు తక్కువైనవాళ్లే విజేతలు. సమానమైతే మళ్లీ దూకిస్తారు, అప్పుడు వేగమూ లెక్కలోకి వస్తుంది.

ఈ ఆట పుట్టింది కంచెల వల్ల. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో చట్టాలు చేసి ఉమ్మడి భూములకు వరసగా కంచెలు కట్టేశారు. నక్కల వేటకు వెళ్లే రౌతులకు దూకే గుర్రాలు అవసరమయ్యాయి. 1868లో డబ్లిన్ గుర్రాల ప్రదర్శనలో దూకే పోటీలు పెట్టారు. 1900 పారిస్ ఒలింపిక్స్‌కి ఆట చేరింది. బెల్జియం రౌతు ఎమే హేగెమాన్ బెంటన్ అనే గుర్రంపై గెలిచి, షో జంపింగ్‌లో తొలి ఒలింపిక్ విజేత అయ్యాడు. ఆ ఏడాది ఎత్తు దూకడానికి విడిగా పోటీ ఉండేది. అందులో ఫ్రాన్స్ రౌతు గార్డేర్, ఇటలీ రౌతు త్రిస్సీనో 1.85 మీటర్ల దగ్గర సమానంగా నిలిచారు.

అప్పట్లో రౌతు అడ్డంకి మీద వెనక్కి వాలి కళ్లెం బిగించేవాడు. గుర్రానికి నోరు నొప్పి, నడుము మీద బరువు. ఇటలీ సైనికాధికారి ఫెదెరికో కాప్రిల్లీ, రౌతు లేనప్పుడు గుర్రం ఎలా దూకుతుందో శ్రద్ధగా చూశాడు. అది మెడ చాచి, వీపు విల్లులా వంచి దూకుతోంది. అయితే రౌతే దానికి అనుగుణంగా ముందుకు వంగాలి, పగ్గం వదలాలి అన్నాడు. 1907లో, నలభై ఏళ్లు నిండకుండానే ఆయన చనిపోయాడు. 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో వ్యక్తిగత స్వర్ణం లెక్వియోకి, రజతం వలేరియోకి వచ్చాయి. ఇద్దరూ ఆయన దేశం ఇటలీవాళ్లే. నేడు ప్రపంచంలో ఏ మూల అడ్డంకి దూకే రౌతునైనా చూడండి, కాప్రిల్లీ నేర్పిన తీరులోనే వంగుతాడు.

ఆసియాకి మొదటి వెలుగు 1932 లాస్ ఏంజెలెస్‌లో వచ్చింది. దారి ఎంత కఠినమంటే, ఒక్క జట్టు కూడా పూర్తి చేయలేక జట్టు పతకాలే ఇవ్వలేదు. అలాంటి చోట జపాన్ అధికారి తకెయిచి నిషి స్వర్ణం గెలిచాడు. గుర్రం పేరు యురేనస్, ఇటలీలో కొన్నది. 1945లో ఇవో జిమా యుద్ధంలో నిషి మరణించాడు. అదే ఏడాది యురేనస్ కూడా చనిపోయింది. ఒలింపిక్స్ షో జంపింగ్‌లో జపాన్‌కి వ్యక్తిగత స్వర్ణం ఇప్పటికీ అదొక్కటే. 1948 లండన్‌లో మెక్సికో రౌతు ఉంబెర్తో మరీలెస్‌కి స్వర్ణం తెచ్చిన అరెతే అనే గుర్రానికి ఒక కన్ను కనపడదు. ఆ కంటి వైపు ధైర్యం రౌతే ఇవ్వాలి.

ఇక హల్లా అనే గుర్రం కథ. 1956లో ఒలింపిక్స్ మెల్‌బోర్న్‌లో జరిగినా, ఆస్ట్రేలియా క్వారంటైన్ నిబంధనల వల్ల గుర్రాల పోటీలు స్టాక్‌హోంలో పెట్టారు. మొదటి విడత చివర్లో జర్మనీ రౌతు హాన్స్ గుంటర్ వింక్లర్‌కి తొడ మూలంలో కండరం చిట్లింది. తప్పుకుంటే జట్టుకీ పతకం పోతుంది. నొప్పి మందు వేసుకుని రెండో విడతకి జీనెక్కాడు. కాళ్లతో గుర్రాన్ని అదిమే శక్తి లేదు. దూకిన ప్రతిసారీ బాధతో అరిచాడు. హల్లా ఒక్క కర్ర కూడా పడకుండా అన్నీ దాటించింది. వ్యక్తిగత స్వర్ణం, జట్టు స్వర్ణం రెండూ దక్కాయి. మరే పోటీ గుర్రానికీ హల్లా అని పేరు పెట్టకూడదని జర్మనీ సమాఖ్య తీర్మానించింది. రౌతు అంత మెత్తబడ్డ రోజున గుర్రం నాలుగు కాళ్ల మీదే పరుగెత్తింది, అదీ ఏళ్ల నమ్మకంతో.

ఆడవాళ్లను ఒలింపిక్స్ షో జంపింగ్‌కి రానిచ్చింది కూడా 1956లోనే. 1968 మెక్సికోలో బ్రిటన్ అమ్మాయి మారియన్ కోక్స్ స్ట్రోలర్ అనే పొట్టి పోనీ మీద రజతం గెలిచింది. ఒలింపిక్ షో జంపింగ్‌లో మహిళకి వచ్చిన తొలి వ్యక్తిగత పతకం అదే. స్వర్ణం మాత్రం ఇప్పటికీ ఏ మహిళకీ రాలేదు.

1953లో పారిస్‌లో మొదలైన ప్రపంచ చాంపియన్‌షిప్ ఇంకో పరీక్ష పెట్టింది. 2014 దాకా, చివరికి మిగిలిన నలుగురూ గుర్రాలు మార్చుకుని దూకాల్సి వచ్చేది. ఎవరి నైపుణ్యం ఎంతో తేల్చాలని అప్పటి ఏర్పాటు. 1986లో ఆహెన్‌లో కెనడా మహిళ గెయిల్ గ్రీనో తనదీ, పరాయివీ కలిపి నాలుగు గుర్రాల మీదా ఒక్క తప్పూ లేకుండా గెలిచింది. ఆ చాంపియన్‌షిప్‌లో విజేత అయిన మొదటి మహిళ ఆమే. ముక్కూ మొహం తెలియని గుర్రం బెత్తానికి లొంగి దూకదు, చేతి మెత్తదనాన్ని నమ్మి దూకుతుంది.

నమ్మకం తప్పిన రోజులూ ఉన్నాయి. 1984లో లాస్ ఏంజెలెస్‌లో జాపెలూ అనే గుర్రం దూకనని మొరాయిస్తే ఫ్రాన్స్ రౌతు పియెర్ డ్యురాన్ కిందపడ్డాడు, గుర్రం కళ్లెం ఊడిపోయి బయటికి పరుగెత్తింది. నాలుగేళ్లకు సియోల్‌లో అదే జంట స్వర్ణం గెలిచింది. 2004 ఏథెన్స్‌లో ఐర్లండ్ రౌతు గెలిచిన స్వర్ణాన్ని, గుర్రం ఒంట్లో నిషిద్ధ మందు ఉందని తేలడంతో వెనక్కి తీసుకుని బ్రెజిల్ రౌతు రోడ్రిగో పెస్సోవాకి ఇచ్చారు.

మన దేశానికి వస్తే, 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో తొలిసారి గుర్రాల పోటీలు జరిగాయి. షో జంపింగ్ స్వర్ణం కువైట్ మహిళ నాదియా అల్ ముతావాకి వెళ్లింది. షో జంపింగ్ కూడా ఒక అంగమైన ఈవెంటింగ్‌లో రఘుబీర్ సింగ్ వ్యక్తిగత స్వర్ణం తెచ్చాడు. 36 ఏళ్ల తర్వాత, 2018 జకార్తాలో అదే ఈవెంటింగ్‌లో ఫవాద్ మీర్జా సేన్యోర్ మెదికాట్ అనే గుర్రంపై రజతం గెలిచాడు. షో జంపింగ్‌లో మనవాళ్ల పేరు ఒలింపిక్ పతకాల పట్టికకి ఇంకా ఎక్కాల్సి ఉంది. ఫుట్‌బాల్‌కి రెండు రాళ్లు చాలు, దీనికి గుర్రం, లాయం, మైదానం, మేత కావాలి. ఆ ఖర్చు మోయలేక ఎన్ని మంచి చేతులు పగ్గం పట్టకుండానే ఆగిపోతున్నాయో అని నా బాధ.

వ్యక్తిగత విజేతల పట్టికలో రౌతు పేరు పక్కనే గుర్రం పేరూ అచ్చవుతుంది. 2024 పారిస్ వరుసలో క్రిస్టియన్ కుకుక్ పక్కన చెకర్ 47 ఉంది. వచ్చే ఒలింపిక్స్ చూసేటప్పుడు ఆ రెండో పేరు కూడా పైకి చదవండి. అడ్డంకి ముందు పగ్గం పట్టిన చేతుల్నీ చూడండి, మెరీనాలో తాడు వదులుగా పట్టుకున్న చెయ్యి గుర్తొస్తుంది.