సముద్రయాన నవలలలోని నావికపదములు: అర్థవిచారము

19వ శతాబ్దపు సముద్రయానములను వర్ణించు చారిత్రక నవలలను చదువు తెలుగు పాఠకునకు అపరిచిత పదములకంటె పరిచిత పదములే ఎక్కువ చిక్కు కలిగించును. తెలియని పదమునకు అతడు నిఘంటువు చూచును; తెలిసినదనుకొన్న పదమునకు చూడడు. అమితవ్ ఘోష్ 2008లో ప్రకటించిన ఆంగ్ల నవల ‘సీ ఆఫ్ పాపీస్’ నుదాహరణముగా గైకొని ఈ విషయమును పరిశీలింతము. 1838లో కలకత్తానుండి మారిషస్‌కు ఒప్పందపు కూలీలను, ఖైదీలను గొనిపోవు ‘ఐబిస్’ అను నౌక ఇందలి కథకాధారము.

ఆ కాలపు నౌకలలో ఆసియా నావికుడు ‘లస్కరు’. సైన్యమను అర్థముగల పారసీక ‘లష్కర్’ దీనికి మూలము. గోదావరి మండలమున లస్కరనగా కాలువల నీటిని కనిపెట్టు ఉద్యోగి. ‘సరంగు’ మనకు లాంచి నడుపువాడు. సముద్రనౌకలోనో, లస్కర్లను కూర్చి తెచ్చి, వారిపై పెత్తనము వహించి, తెల్ల అధికారులకును వారికిని నడుమ నిలుచు నాయకుడు. నవలలో సరంగు అలీ కేప్‌టౌనున తన జట్టుతో నౌక నెక్కును. అతనిని లాంచి సరంగుగా భావించిన పాఠకునకు జట్టంతయు ఒక్కని వెంట వచ్చుటలోని అధికారము గోచరింపదు. సరంగు క్రిందివాడు ‘టిండల్’. ఇది మన ‘తండేలు’. ఉత్తరాంధ్ర తీరమున తండేలు వేటపడవకు పెద్ద. నౌకలో రెండవవాడు మాత్రమే.

‘చుక్కాని’ కథ మరింత విచిత్రము. అరబ్బీ ‘సుక్కాన్’ నౌకను త్రిప్పు సాధనము; ‘సుక్కానీ’ దానిని పట్టువాడు. ఆంగ్లేయులు ‘సీకన్నీ’ అనినది ఈ మనిషినే. తెలుగున చుక్కాని సాధనమునకే పేరైనది. సీకన్నీని చుక్కాని యని అనువదించినచో మనుష్యుడు కొయ్య యగును.

థామస్ రోబక్ 1811లో కలకత్తాలో ప్రకటించిన ఆంగ్ల-హిందూస్థానీ నావిక నిఘంటువు నౌకను నడపుటకు వలయు ఆజ్ఞావాక్యములను గూడ చేర్చికొన్నది. అది ఆజ్ఞాపించువారి అవసరమునకై కూర్చినది. ఆజ్ఞలను పాటించినవారి పక్షమునుండి ఈ పదములను చూచుట మన విధి. మారిషస్ చేరిన ఒప్పందపు కూలీలలో తెలుగువారును ఉండిరి గనుక ఇది పరుల చరిత్ర మాత్రము కాదు.

కావున ఇట్టి నవలలకు పదకోశము కూర్చు పరిశోధకుడు పర్యాయపదముతో తృప్తి పడరాదు. ఆ పదము నౌకలో ఏ అంతస్తును తెలుపునో, ఎవరిపై ఎవరి కధికారమో, మన తీరమున దాని అర్థమెట్లు మారినదో చెప్పవలెను. ఇందు మూడవదానికి సాక్ష్యము గ్రంథాలయములకంటె రేవులలోనే ఎక్కువగా లభించునని మా అభిప్రాయము.